కుప్పాన్ని తిరుపతి జిల్లాలో కలిపేసిన కమాండ్

(తిరుపతి స్టూడియోలో జరిగిన చర్చ ఇది. పాల్గొన్నవాళ్లు పేర్లు వద్దన్నారు కాబట్టి చేసే పనినిబట్టి పిలిచాం. ముగ్గురూ ఒకేసారి మాట్లాడిన చోట వినబడినంత వరకే రాశాం.)

యాంకర్: నమస్కారం. 2022 ఏప్రిల్ 4న తిరుపతి కొత్త జిల్లా అయింది. పాత అడ్రసులు ఇంకా చిత్తూరు జిల్లా అనే ఉన్నాయని ఊళ్లో ఒక ప్రైవేటు ఆఫీసు మొన్న రాత్రి ఒకే ఒక్క కమాండ్ కొట్టింది. ‘చిత్తూరు జిల్లా’ ఉన్న చోటల్లా ‘తిరుపతి జిల్లా’ అయిపోయింది. ఇప్పటికీ చిత్తూరు జిల్లాలోనే ఉన్న కుప్పం, పలమనేరు కూడా మనలో కలిసిపోయాయి! సూటిగా అడుగుతున్నా. మౌస్‌తో ఒక్కో ఫైలు తెరిచి మార్చుకుని ఉంటే ఈ గొడవ ఉండేదా?

అడ్మిన్: మౌసా? స్వామీ, 40 వేల ఫైళ్లు అనుకోండి. నిమిషానికి ఒకటి. 666 గంటలు. రోజుకి 8 గంటలు కూర్చున్నా 83 రోజులు. ఉగాదికి మొదలుపెడితే తోతాపురి ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరే నాటికి అవుతుంది.

లెక్చరర్: అసలు సంగతేమిటంటే...

అడ్మిన్: నన్ను ముగించనీయండి సార్. వాళ్ల కమాండ్ నేను చూశా. ఫైండ్ అనే కమాండ్‌తో ఫైళ్లు ఏరారు, ఒక కమాండ్ ఫలితాన్ని ఇంకోదానికి పంపే పైప్ పెట్టారు, ఎక్స్‌ఆర్గ్స్‌తో వాటిని సెడ్ హైఫన్ ఐకి, అంటే ఫైలు లోపలి మాటల్ని మార్చేసే కమాండ్‌కి అందించారు. ఫైళ్ల పేర్లలో స్పేస్ ఉంటే? ‘చంద్రగిరి కొత్త లిస్టు’ అనే ఫైలుంది. ఎక్స్‌ఆర్గ్స్ దాన్ని మూడు ముక్కలు చేసేస్తుంది. ‘చంద్రగిరి’ అనే ఫైలేదీ? లేదు. ‘కొత్త’ ఏదీ? లేదు. ‘లిస్టు’ ఏదీ? ఈ కమాండ్లు పుట్టిన యూనిక్స్ సిస్టమ్‌లో ఫైలు పేరులో రాకూడనివి రెండే రెండు. స్లాష్ ఒకటి, విలువ సున్నాగా ఉండే నల్ బైట్ ఒకటి. అందుకే ఫైండ్‌కి ప్రింట్ జీరో, ఎక్స్‌ఆర్గ్స్‌కి హైఫన్ జీరో ఇవ్వాలి. పేరుకీ పేరుకీ మధ్య నల్ బైట్ పడుతుంది. ఇక పేరులో స్పేస్ ఉంటేనేం, కొత్త లైనుంటేనేం.

లెక్చరర్: సార్, అలా ముక్కలైన ఫైళ్లు మారకుండా మిగిలిపోయాయి, అంతే. పాడైనవి అవి కావు. పాడైనవి కుప్పం ఫైళ్లు. వాటి పేర్లలో స్పేసే లేదు.

అడ్మిన్: నేనూ అదే చెప్తున్నా.

(ఆయన చెప్పింది అది కాదు. టేపు రెండుసార్లు విన్నాం.)

యాంకర్: మేడమ్, మీరు డీటీపీ సెంటర్ నడుపుతారు. మీ పనంతా మౌస్‌తోనే కదా?

డీటీపీ మేడమ్: పేజ్‌మేకర్‌లో అయితే మౌస్‌తోనే. నేను చెప్పేది వేరే సంగతి. ఆ ఆఫీసు ఫైళ్లు చాలావరకు మా దగ్గర టైపు చేసినవే. పాతవన్నీ అను ఫాంట్లలో ఉన్నాయి. తెర మీద ‘చిత్తూరు’ అని కనబడుతుంది గానీ లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. వాటిని, ఫైళ్లలో మాట వెతికే గ్రెప్ కమాండ్...

అడ్మిన్: తెలుగు అక్షరాలకే సొంత కోడ్లుండే యూనికోడ్‌లోకి మార్చుకోవాలి, అంతే కదమ్మా.

డీటీపీ మేడమ్: మార్చుకోలేదు సార్, అదే అంటున్నా. వెతికితే దొరకలేదు. దొరకలేదు కాబట్టి అసలు లేవనుకున్నారు.

లెక్చరర్: మేడమ్ చెప్పింది నిజం. ‘చిత్తూరు’ మన కంటికి మూడక్షరాలు. యూనికోడ్‌ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో అది 8 కోడ్లు, కోడ్‌కి 3 బైట్ల చొప్పున 24 బైట్లు. గ్రెప్ వెతికేది ఆ 24 బైట్ల వరసని. అను ఫైలులో ఆ వరసే ఉండదు. కొత్త రకం వర్డ్ ఫైలులో కూడా నేరుగా దొరకదు, అది లోపల జిప్ మూట.

యాంకర్: ముఖ్యమైన పాయింట్, మళ్లీ వస్తా మేడమ్. ముందు మామూలు జనానికి చెప్పండి సార్, ఈ ఎక్స్‌ఆర్గ్స్ అంటే ఏంది?

అడ్మిన్: వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కూర్చున్నారు కదా ఎప్పుడైనా? అందరినీ ఒక్కసారే లోపలికి పంపలేరు. మనం కొట్టిన కమాండ్‌ని అందుకునే షెల్ కూడా అంతే, ‘ఆర్గ్యుమెంట్ లిస్ట్ టూ లాంగ్’ అని మొహం మీదే చెప్పేస్తుంది. లైనక్స్‌లో మామూలుగా హద్దు 20,97,152 బైట్లు. అట్లని ఒక్కో భక్తుడికీ గేటు తీసి వేస్తా కూర్చుంటే తెల్లారిపోతుంది. ఫైండ్‌లో ఎగ్జెక్ రాసి చివర సెమీకోలన్ పెడితే అదే జరుగుతుంది, ఫైలుకొక ప్రాసెస్. కంపార్ట్‌మెంట్ నిండినాక ఒక్కసారి వదలడం ఎక్స్‌ఆర్గ్స్. సెమీకోలన్ బదులు ప్లస్ పెట్టినా అదే పని. హైఫన్ పీ 4 అంటే నాలుగు గేట్లు ఒకేసారి.

లెక్చరర్: గర్భగుడి ఒక్కటే కదా సార్. పాత తిరిగే డిస్క్ ఒక్కటే ఉన్నప్పుడు నాలుగు గేట్లు తీసినా తోపులాటే గానీ...

అడ్మిన్: ఎస్‌ఎస్‌డీ కొనుక్కోమనండి!

యాంకర్: మరి వీఐపీ బ్రేక్‌కి ఏ కమాండ్?

లెక్చరర్: నైస్ అని ఉందండీ. విలువ తగ్గిస్తే ప్రాసెసర్ దగ్గర ముందు వరసలోకి పోతుంది. మామూలు యూజర్‌కి తగ్గించే అధికారం ఉండదు, అన్ని అధికారాలూ ఉన్న రూట్ యూజర్‌కే.

యాంకర్: చూశారా, సిఫార్సు లెటర్ అక్కడా ఉంది!

(ఇక్కడ నాలుగు నిమిషాలు దర్శనం టికెట్ల మీద పోయాయి. ఆ తర్వాత అడ్మిన్ చరిత్ర అందుకున్నారు. పైప్ ఆలోచన డగ్ మెక్‌ఇల్‌రాయ్‌ది, 1973లో దాన్ని చేతల్లో పెట్టింది కెన్ థాంప్సన్, గ్రెప్ పేరు ఈడీ అనే పాత ఎడిటర్లోని జీ-ఆర్‌ఈ-పీ కమాండ్ నుంచి వచ్చింది. అన్నీ నిజాలే, ఎవరూ అడగలేదు.)

యాంకర్: సరే, జరిగిందేదో జరిగింది. అదే కమాండ్ తిరగేసి కొడితే పోదా?

లెక్చరర్: పోదు. కొత్త జిల్లా వచ్చాక సరిగ్గా ‘తిరుపతి జిల్లా’ అని రాసుకున్నవి కూడా చిత్తూరు అయిపోతాయి. పోనీ టైము చూసి మారిన ఫైళ్లు పట్టుకుందామా అంటే, ఫైలు లోపల మార్చేదేమీ లేకపోయినా సెడ్ హైఫన్ ఐ దాన్ని తిరగరాస్తుంది. దాని చేతికి వెళ్లిన ప్రతి ఫైలు మీదా ఆ రాత్రి టైమే ఉంది. ముందు గ్రెప్ హైఫన్ ఎల్‌తో ఆ మాట ఉన్న ఫైళ్ల జాబితా తీసి, కంటితో ఒకసారి చూడాల్సింది. హైఫన్ ఐ పక్కన డాట్ బ్యాక్ అని పెట్టి ఉంటే పాత కాపీ పక్కనే ఉండేది. ఇంకా, చంద్రగిరి అని ఉన్న లైన్లలోనే మార్చు, శ్రీకాళహస్తి అని ఉన్న లైన్లలోనే మార్చు అని సెడ్‌కే...

అడ్మిన్: ఇదంతా క్లాసులో బాగుంటుంది సార్. ఫీల్డులో ప్రింట్ జీరో. నేను ఇరవై ఏళ్లుగా...

లెక్చరర్: ప్రింట్ జీరో పెట్టుంటే మిగిలిన ఫైళ్లు కూడా పాడయ్యేవి కదండీ!

అడ్మిన్: కానీ పద్ధతిగా పాడయ్యేవి!

యాంకర్: మౌస్ అయితే మొదటి కుప్పం ఫైలు దగ్గరే ఆగేవాళ్లు. నేను మొదటినుంచీ ఇదే అంటున్నా. కుప్పం నుంచి ఒక కాలర్ లైన్లో ఉన్నారు, చెప్పండి సార్.

కాలర్: నమస్తే సార్. మాకు ‘కుప్పం, తిరుపతి జిల్లా’ అని కాయితం వచ్చింది. బ్యాంకులో చూపిస్తే ఇది చెల్లదన్నారు. రెండుసార్లు తిరిగినా. మాది ఎప్పుడు మారుస్తారు?

అడ్మిన్: మీ ఫైలు పేరులో స్పేస్ ఉందా?

కాలర్: నా పేరులో ఇంటిపేరు ఉంది సార్.

అడ్మిన్: చూశారా, స్పేస్!

లెక్చరర్: ఆయన ఫైలు మారింది కాబట్టే ఆ కాయితం వచ్చిందండీ. స్పేస్ ఉంటే మారేదే కాదు.

(ఒకరి మీద ఒకరు. కాలర్ లైను ఎప్పుడు తెగిందో తెలియలేదు.)

యాంకర్: టైమ్ అయిపోయింది. మొత్తానికి ప్రింట్ జీరో వాడకపోవడమే కారణమని...

లెక్చరర్: అలా తేలలేదండీ.

యాంకర్: ...అడ్మిన్ గారు స్పష్టంగా చెప్పారు. మేడమ్, ఒక్క ముక్కలో, మౌసా కమాండా?

డీటీపీ మేడమ్: అది కాదండీ, ఇందాకటి నుంచి చెప్దామంటే. మేం టైపు చేసిచ్చిన ఆ ఫైళ్ల పాత కాపీలు మా సెంటర్లో హార్డ్ డిస్క్‌లో ఇంకా...

అడ్మిన్: ఆ డిస్క్‌లో వెతికేటప్పుడైనా ప్రింట్ జీరో పెట్టమనండి!

(మ్యూజిక్.)