బ్రాడ్‌బ్యాండ్‌పై ప్రభుత్వ పెట్టుబడి ఎక్కడిదాకా సాగాలి?

సభాధ్యక్షులకు, వేదికపైనున్న పెద్దలకు, సభికులందరికీ నమస్కారం.

బ్రాడ్‌బ్యాండ్‌ను అందరికీ చేర్చడానికి ప్రభుత్వం ఎందుకు ఖర్చు పెట్టాలన్న ప్రశ్న కంటే, ఆ ఖర్చు ఎక్కడిదాకా సాగాలన్న ప్రశ్న మీదే ఈ రోజు ఎక్కువసేపు మాట్లాడదలిచాను. మొదటి ప్రశ్నకు జవాబు చాలా దేశాల్లో తేలిపోయింది. ఫైబర్, అంటే ఇంటర్నెట్‌ను మోసుకొచ్చే సన్నని గాజు తీగ, వేయడానికయ్యే వ్యయంలో పెద్ద భాగం కందకం తవ్వి, రోడ్డు కోసి, మళ్లీ పూడ్చడానికే పోతుంది. ఆ దారిలో ఇళ్లు ఎక్కువున్నా తక్కువున్నా తవ్వకం ఖర్చు పెద్దగా మారదు కనుక, ఇళ్లు దూరదూరంగా ఉన్న చోటికి ప్రైవేటు సంస్థలు తమంతట తాము రావు. అక్కడికి ప్రజాధనమే దారి వేయాలి. కొత్త రోడ్డు వేసేటప్పుడే ఫైబర్ కోసం గొట్టాలు కూడా పూడ్చిపెట్టాలన్న నియమం ఒక్కటి పాటించినా ఈ ఖర్చు ఎంతో కలిసివస్తుంది.

ఫిన్లాండ్ 2010 జూలై 1 నుంచి సెకనుకు 1 మెగాబిట్ వేగం గల కనెక్షన్‌ను పౌరుల చట్టబద్ధ హక్కుగా చేసింది. భారతదేశం 2011 అక్టోబరులో సుమారు 2.5 లక్షల గ్రామ పంచాయతీలకు ఆప్టికల్ ఫైబర్ చేర్చే పథకాన్ని ఆమోదించగా, అదే తరువాత భారత్‌నెట్ అయింది. అమెరికా 2021 నాటి మౌలిక వసతుల చట్టంలో బ్రాడ్‌బ్యాండ్‌కు సుమారు 6,500 కోట్ల డాలర్లు కేటాయించింది.

ఇక రెండో ప్రశ్నకు వస్తాను. భారత్‌నెట్ తొలి లక్ష్యం పంచాయతీ దాకా ఫైబర్ తేవడం. అక్కడి నుంచి ఇంటి దాకా ఎవరు తీసుకువెళ్లాలి, తీగ తెగితే ఎవరు అతకాలి, పరికరాలకు కరెంటు లేనప్పుడు ఏం చేయాలి అన్నవి వెనకబడిపోయాయి. 2023లో సుమారు 1.39 లక్షల కోట్ల రూపాయలతో ఆమోదించిన సవరించిన పథకంలో పదేళ్ల నిర్వహణకు కూడా చోటు కల్పించారు. నా దృష్టిలో ఆ పథకం మొత్తంలో అన్నిటికన్నా విలువైన నిర్ణయం అదే. నిర్వహణకు డబ్బు లేని నెట్‌వర్క్, ప్రారంభోత్సవం నాటి నుంచే పాడవడం మొదలుపెడుతుంది.

తీగ ఇంటి ముందుకు వచ్చాక కూడా నెలనెలా బిల్లు కట్టగలిగితేనే అది ఆ ఇంటిదవుతుంది. అమెరికాలో పేద కుటుంబాల ఇంటర్నెట్ బిల్లులో నెలకు 30 డాలర్ల దాకా ప్రభుత్వమే భరించే పథకంలో 2.3 కోట్లకు పైగా కుటుంబాలు చేరాయి. కేటాయించిన నిధులు అయిపోవడంతో అది 2024లో ఆగిపోయింది. తీగలు వేయడానికి వేల కోట్లు చేతిలో ఉన్న కాలంలోనే ఆ తీగలను వాడుకోగల శక్తిని ఇచ్చే పథకం ఆగిపోవడం నన్ను బాధించింది. నిర్మాణానికి ఒకసారి ఇచ్చే డబ్బును పెట్టుబడి అనీ, వాడకానికి ఏటా ఇచ్చే డబ్బును రాయితీ అనీ విడదీసి చూసే బడ్జెట్ అలవాటే ఇందుకు మూలమని నేను నమ్ముతున్నాను.

ధర అందుబాటులో ఉందని దేన్నిబట్టి అనాలి? ఐక్యరాజ్యసమితి బ్రాడ్‌బ్యాండ్ కమిషన్ 2018లో ఒక కొలత పెట్టింది: ప్రాథమిక స్థాయి బ్రాడ్‌బ్యాండ్ ధర, నెలవారీ తలసరి జాతీయాదాయంలో 2 శాతాన్ని మించకూడదు. ఇది మంచి కొలతే గాని, సగటు చాటున పేదలు కనబడరు. సగటులో ఐదో వంతు మాత్రమే సంపాదించే మనిషికి ఆ 2 శాతం కాస్తా 10 శాతమవుతుంది. అందుకే అట్టడుగు వర్గాల ఆదాయంతో పోల్చి కూడా ధరను ప్రకటించాలి. ప్రజాధనంతో వేసిన ఫైబర్‌ను ఏ ఒక్క సంస్థకో అప్పగించక, ఒకే అద్దెకు అందరు సేవాదారులకూ తెరిచి ఉంచితే పోటీ వల్ల ధర కొంతైనా దిగివస్తుంది.

చివరిగా లెక్కల సంగతి. అమెరికాలో చాలాకాలం, జనగణన బ్లాకులో, అంటే జనాభా లెక్కల కోసం విడదీసిన చిన్న ప్రాంతంలో, ఒక్క ఇంటికి సేవ అందినా ఆ బ్లాకంతటికీ అందినట్టే నమోదయ్యేది. కనెక్షన్ లేని ఇళ్లు ఆ విధంగా పటంలో కనబడకుండా పోయి, నిధులకు కూడా దూరమయ్యాయి. 2022 నవంబరులో ఇంటింటి పటం వచ్చింది, అందులోని తప్పును పౌరులే ఎత్తిచూపే వీలు కూడా కలిగింది. ఏ ప్రభుత్వమైనా ఇలాంటి పటాన్ని ముందే సిద్ధం చేసుకుని, ఇంటి దగ్గర కొలిచిన వేగాన్నీ, కుటుంబం నిజంగా కడుతున్న ధరనూ చూసిన తరువాతే గుత్తేదారుకు చివరి వాయిదా చెల్లించాలని ఈ సభ ద్వారా కోరుతున్నాను.