ఎర్రకోటు పక్కన ఉన్నవాళ్లు

సభకు నమస్కారం. మ్యూజియం దినోత్సవం కదా, ఈస్టిండియా కంపెనీ కాలపు వస్తువుల మీద మాట్లాడమని పిలిచారు. నాణేలు, పల్లకీలు, పింగాణీ, కత్తులు... చెప్పుకుంటే చాలా ఉన్నాయి. నేను మాత్రం ఒక్క బొమ్మ గురించే చెబుతాను. అందులో మన ఏలూరు మనిషి ఉన్నాడు.

1816లో మద్రాసులో థామస్ హిక్కీ అనే ఐరిష్ చిత్రకారుడు వేసిన తైలవర్ణ చిత్రం అది. ఇప్పుడు లండన్‌లో, బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఎర్రకోటు వేసుకున్న దొర కల్నల్ కాలిన్ మెకంజీ, అప్పటికి భారత సర్వేయర్ జనరల్, అంటే దేశాన్ని కొలిచి పటాలు గీయించే శాఖకు పెద్ద. ఆయన దగ్గర ముగ్గురు మనవాళ్లు. వెనక దూరంగా కొండ మీద గోమఠేశ్వరుడి విగ్రహం, సర్వేవాళ్లు గుర్తుకోసం పాతిన పొడవాటి గడ, దాని చివర బుట్ట. టెలిస్కోపు పట్టుకున్నవాడు బంట్రోతు కిష్టనాజీ. తాటాకు గ్రంథం పట్టుకున్నది జైన పండితుడు ధర్మయ్య. మూడో ఆయన కావలి వెంకట లక్ష్మయ్య.

ఈ పేరు విన్నవాళ్లు ఒకసారి చేతులెత్తండి. వెనక వరసలో పిల్లలూ, మీరు కూడా. చూశారా, ఎన్ని తక్కువ చేతులు లేచాయో!

ఊళ్ల చరిత్రలు రాసిపెట్టిన కాగితాలను మెకంజీ కైఫీయతులని అందరం అంటాం. మెకంజీకి మన భాషలు రావు. ఊరూరా తిరిగి, కరణాలనూ పూజారులనూ బతిమాలి, శాసనాలకు నకళ్లు తీసి, తాటాకులు సంపాదించింది లక్ష్మయ్య, ఆయన అన్న బొర్రయ్య, వాళ్ల కింద పనిచేసిన గుమాస్తాలు. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే పోయాడు. అతనే నాకు దారి చూపించాడని 1817లో ఒక ఉత్తరంలో మెకంజీయే ఒప్పుకున్నాడు. ఆ మర్యాద దొరకు ఉంది, కాదనను.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది. 1821లో మెకంజీ పోయాడు. ఆయన సేకరణను కంపెనీ పది వేల పౌన్లకు కొనుక్కుంది. మిగిలిన పని నాకు అప్పగించండి, పూర్తిచేస్తానని లక్ష్మయ్య అడిగాడు. పాతికేళ్లు ఆ పనిలోనే ఉన్నవాడు! 1836లో కలకత్తాలోని పండితుల సంఘం ఏషియాటిక్ సొసైటీ తరఫున జేమ్స్ ప్రిన్సెప్, ఇది నేటివుల వల్ల, అంటే మనవాళ్ల వల్ల, అయ్యే పని కాదని తేల్చేశాడు. అవే కాగితాలు తర్వాత విలియం టేలర్ అనే మిషనరీ చేతికి వెళ్లాయి. సేకరించినవాడికి చదివే అర్హత లేదట!

పల్లకీల గురించి చెప్పలేదని నిర్వాహకులు నొచ్చుకోవద్దు. పల్లకీ మోసినవాళ్ల సంగతీ ఇదే. ఈ మధ్య ఒక మ్యూజియంలో ఇత్తడి సర్వే పరికరం చూశాను. అద్దాల పెట్టెలో తళతళలాడుతోంది. లేబుల్ మీద తయారుచేసిన లండన్ కంపెనీ పేరు ఉంది, వాడిన అధికారి పేరు ఉంది. దాన్ని కొండలెక్కించిన కూలీల గురించి ఒక్క ముక్క లేదు. పేర్లు దొరక్కపోతే కూలీలు మోశారనైనా రాయవచ్చు కదా? అడిగితే అక్కడి ఉద్యోగి నవ్వి ఊరుకున్నాడు.

మన కావలి సోదరుల పేర్లు దొరికాయి, ఒకరి మొహం కూడా దొరికింది. ఆ చిత్రం నకలు తెప్పించి, నలుగురి పేర్లూ తెలుగులో రాసి, ఈ ఊళ్లో జనం తిరిగే చోట పెట్టాలని కలెక్టరు గారికి ఉత్తరం రాసి తెచ్చాను. బయట బల్ల మీద ఉంది. టీ తాగేముందు సంతకం పెట్టండి.