చర్చి భూమి, రాజు ఆజ్ఞ, గుర్రపు యోధుడు: ఫ్రాంకుల రాజ్యం ఎలా నడిచింది?

నమస్కారం. ఫ్యూడల్ వ్యవస్థ అనగానే పాఠ్యపుస్తకాల్లో ఒక పిరమిడ్ బొమ్మ కనిపిస్తుంది. పైన రాజు, కింద ప్రభువులు, ఆ కింద యోధులు, అట్టడుగున రైతులు. 8వ శతాబ్దంలో ఇప్పటి ఫ్రాన్స్, జర్మనీ ప్రాంతాలను ఏలిన ఫ్రాంకుల రాజ్యాన్ని ఆ బొమ్మతో చూస్తే అసలు సంగతే తప్పిపోతుంది. ఎందుకంటే రాజు కోసం యుద్ధం చేసినవాడు అనుభవించిన భూమి చాలాచోట్ల రాజుది కాదు, చర్చిది.

ముందు ఖర్చు చూద్దాం. జరిమానాను డబ్బుకు బదులు వస్తువుల్లో కడితే దేనికెంత విలువ కట్టాలో రైన్ నది ప్రాంతపు రిప్యూరియన్ ఫ్రాంకుల చట్టం చెబుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఎద్దు 2 సాలిడస్‌లు (అప్పటి నాణెపు లెక్క). గుర్రం 12, ఇనుప కవచం 12, ఒరతో సహా కత్తి 7, శిరస్త్రాణం 6, కాళ్ల కవచాలు 6, డాలూ ఈటే కలిపి 2. మొత్తం 45. ఒక్క మనిషి పూర్తి ఆయుధాలతో గుర్రమెక్కాలంటే 22 ఎద్దులకు మించిన ఖరీదు! దండయాత్రలో తిండి, నౌకర్లు వేరే. జీతాలిచ్చేంత ఖజానా పాలకుడి దగ్గర లేదు. ఇవ్వగలిగింది భూమే. అదేమో బిషప్పుల చేతుల్లో, మఠాల చేతుల్లో దండిగా ఉంది.

చార్లెస్ మార్టెల్ రాజు కాదు, రాజు పేరు మీద అధికారం నడిపినవాడు. చర్చి భూములు తన మనుషులకు పంచాడు. 741లో ఆయన పోయాక, ఈ పంపకాన్ని ఏం చేయాలన్న ప్రశ్న కొడుకు కార్లోమన్ ముందుకొచ్చింది. ఇప్పటి బెల్జియంలో ఉన్న ఎస్తీన్ అనే చోట 743లో బిషప్పులతో కలిసి ఒక నిర్ణయం చేశాడు. దీన్ని కాస్త నిదానంగా చదవాలి.

యుద్ధాలు ముంచుకొస్తున్నాయి కాబట్టి చర్చి ఆస్తిలో కొంత భాగాన్ని సైన్యం కోసం కొంతకాలం అట్టిపెట్టుకుంటాం అన్నాడు. పద్ధతి ప్రికేరియా, అంటే ఒక రకం కౌలు. ఒక్కో రైతు కుటుంబం ఉన్న కమతానికి ఏటా 1 సాలిడస్, అంటే 12 డెనారియస్ వెండి నాణేలు, ఆ చర్చికో మఠానికో కట్టాలి. భూమి పట్టినవాడు చనిపోతే భూమి చర్చికి తిరిగి వెళ్లాలి. చర్చి మరీ పేదరికంలో పడితే మొత్తం వదిలేయాలి. ఇంతవరకూ న్యాయంగానే ఉంది. కానీ మధ్యలో ఒక షరతు ఉంది: అవసరం పడితే, పాలకుడు ఆజ్ఞాపిస్తే, ఆ కౌలు పత్రాన్ని మళ్లీ కొత్తగా రాయాలి. అవసరం పడిందో లేదో తేల్చేది బిషప్పు కాదు, పాలకుడు. చర్చి హక్కు పత్రంలో భద్రంగా ఉంది, భూమి మాత్రం తిరిగి రాదు.

యోధుడి వైపు నుంచి చూస్తే ఇద్దరికి బాకీ. సేవ రాజుకు, కౌలు చర్చికి. సేవ ఎగ్గొడితే రాజు ఊరుకోడు. 12 మాన్సస్‌లు, అంటే 12 రైతు కమతాలు, ఉన్నవాడికి ఇనుప కవచం ఉండాలని 805లో థియోన్‌విల్‌లో మార్టెల్ మనవడు, చక్రవర్తి చార్లమేన్ ఆజ్ఞ ఇచ్చాడు. కవచం ఉండి కూడా యుద్ధానికి తీసుకురాకపోతే భూమీ పోతుంది, కవచమూ పోతుంది. మరి కౌలు ఎగ్గొడితే? అక్కడే పట్టు సడలింది.

అంతకుముందే 779లో హెర్‌స్టాల్‌లో చార్లమేన్ కౌలు లెక్క మార్చాడు. పంటలో పదో వంతు, మిగిలినదాంట్లో తొమ్మిదో వంతు చర్చికివ్వాలి. రెండూ కలిపితే సరిగ్గా ఐదో వంతు. దానిమీద నగదు కౌలు 50 కమతాలకు 1 సాలిడస్, 30కి అర, 20కి మూడో వంతు. ఎస్తీన్ లెక్కన 50 కమతాలకు 50 సాలిడస్‌లు రావాలి! నగదు నామమాత్రమైపోయింది. పంటలో వాటా అంటారా, కొలిచి ఇచ్చేది భూమి పట్టినవాడే. 794లో ఫ్రాంక్‌ఫర్ట్ సభ ఏం చెప్పాల్సి వచ్చిందో చూడండి: చర్చి భూమి అనుభవిస్తున్నవాళ్లు చర్చి భవనాలను, వాటి పైకప్పులను బాగుచేయించాలి, అక్కడి నుంచి కలప, రాళ్లు, పెంకులు తమ ఇళ్లకు పట్టుకుపోయి ఉంటే తిరిగి తెచ్చి పెట్టాలి. పెంకుల దాకా పోయాయంటే, కౌలు ఏపాటి వసూలయ్యేదో ఊహించుకోవచ్చు.

బిషప్పులు ఊరుకోలేదు. 858లో, రీమ్స్ ఆర్చ్‌బిషప్ హింక్‌మార్ నాయకత్వంలో, తూర్పు ఫ్రాంకుల రాజు, చార్లమేన్ మనవడు జర్మన్ లూయీకి ఒక లేఖ రాశారు. అందులో ఒక కథ ఉంది. ఓర్లేయాఁ బిషప్ యూకేరియస్‌కు దర్శనంలో మార్టెల్ నరకంలో కనిపించాడట. సమాధి తెరిస్తే లోపలంతా కాలినట్టు నల్లగా ఉందట, ఒక డ్రాగన్ బయటికి దూసుకొచ్చిందట. యూకేరియస్ 738లోనే చనిపోయాడు, మార్టెల్ కన్నా మూడేళ్ల ముందు. కాబట్టి కథ నిలవదు. కానీ భూములు పోయి నూరేళ్లయినా ఆ కోపం చల్లారలేదని దీన్నిబట్టి తెలుస్తుంది. అదే లేఖలో ఇంకో మాట నాకు మరీ ముఖ్యం అనిపిస్తుంది: మేం దేవుడికి అంకితమైన బిషప్పులం, లౌకికుల్లా ఎవరికీ వాసల్‌లుగా, అంటే ప్రభువు చేతుల్లో చేతులు పెట్టి విధేయత ఒప్పుకున్న సేవకులుగా, లొంగం అన్నారు. పవిత్ర తైలం పూసిన చేతులను యోధుడి చేతుల్లా రాజు చేతుల్లో పెట్టం అని దాని అర్థం. రాజుకు తైలాభిషేకం చేసేదీ ఆ చేతులే మరి.

అసలు దెబ్బ ఇంకోవైపు నుంచి తగిలింది. భూమి పట్టినవాడు పోతే కొడుకు వదలడు. 877 జూన్‌లో ఇటలీ బయల్దేరుతూ జర్మన్ లూయీ తమ్ముడు, పశ్చిమ ఫ్రాంకుల రాజు బట్టతల చార్లెస్ కియెర్సీలో ఒక ఏర్పాటు చేశాడు: తాను లేనప్పుడు ఏ కౌంట్ (రాజు తరఫున ఒక ప్రాంతాన్ని, అంటే కౌంటీని, ఏలేవాడు) అయినా చనిపోతే, కొడుకు తన వెంట ఇటలీలో ఉంటే, తాను నిర్ణయించేదాకా ఆ ప్రాంతాన్ని ఇతరులు చూసుకోవాలి. వారసత్వాన్ని చట్టం చేశాడని కొందరంటారు, అంత లేదు. కానీ కొడుక్కే వస్తుందన్న అంచనా అప్పటికే పాతుకుపోయిందని స్పష్టంగా కనిపిస్తుంది.

ఆ అక్టోబర్‌లోనే చార్లెస్ చనిపోయాడు. కొడుకు నత్తి లూయీ మద్దతు కోసం అడిగినవాళ్లకు అడిగినట్టు కౌంటీలు, ఊళ్లు, మఠాలు పంచాడు. తమను అడక్కుండా పంచాడని మిగతా ప్రభువులు తిరగబడ్డారు. వాళ్లతో రాజీ కుదిరాక, డిసెంబర్ 8న కాంపియేన్‌లో హింక్‌మార్ ఆయనకు తైలాభిషేకం చేశాడు. చర్చిల హక్కులు కాపాడతానని లూయీ బిషప్పులకు మాటిచ్చాడు. అప్పటికే మఠాలు పంచేశాడు.