స్టీరింగ్ వంకరకు మూలం వెనుక చక్రాల్లో ఉంటే

[దృశ్యం: వాన వెలిసిన సిమెంటు రోడ్డు. నీటి మడుగును దాటి తిన్నగా వెళ్లిన కారు టైర్ల జాడలు.]

నమస్కారం. ఈ జాడలను నిదానంగా చూడండి. ఎడమవైపు వెనుక టైరు జాడ ముందు టైరు జాడకు బయటగా, కుడివైపు లోపలగా పడింది. చాలా కార్లలో ముందు చక్రాల మధ్య దూరం, వెనుక చక్రాల మధ్య దూరం ఒకటి కావు కనుక జాడలు రెండు వైపులా సమానంగా జరిగి ఉంటే అది దోషం కాదు. ఇక్కడిలా రెండూ ఎడమ పక్కకే జరిగాయంటే మాత్రం వెనుక చక్రాలు బండి నడిరేఖ వెంట కాక ఎడమకు చూస్తూ నడుస్తున్నాయని గ్రహించాలి. అవి తోకను ఎడమకు లాగుతాయి, దాంతో ముందు భాగం కుడికి తిరగబోతుంది, దాన్ని ఆపడానికి డ్రైవరు తనకు తెలియకుండానే స్టీరింగ్‌ను కాస్త ఎడమకు తిప్పి పట్టుకుంటాడు.

స్టీరింగ్ వంకరగా ఉందని చెప్పగానే చాలా చోట్ల ముందు చక్రాలను స్టీరింగ్‌తో కలిపే టై రాడ్లు తిప్పి, స్టీరింగ్‌ను నిటారుగా నిలబెట్టి పంపుతారు. చేతికి అంతా బాగైనట్టే అనిపిస్తుంది, కానీ తోక జరిగే ఉంటుంది, వెనుక టైర్లు రోడ్డును రాసుకుంటుంటే అదీ ఆగదు. ఇది మరమ్మతు కాదని, జబ్బును కప్పిపెట్టడమేనని నేను గట్టిగా నమ్ముతాను.

[దృశ్యం: వెనుక టైరు మీద అడ్డంగా కదులుతున్న అరచేయి.]

టైరు మీద అరచేతిని ఒక అంచు నుంచి రెండో అంచు వరకు అడ్డంగా నడిపి, మళ్లీ వెనక్కి తీసుకురండి. ఒక దిశలో నున్నగా జారి, మరో దిశలో రంపపు పళ్లలా గీరుకుంటే అది టో, అంటే చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, తప్పినందువల్ల వచ్చిన అరుగుదల. ఇంజిను ముందు చక్రాలను తిప్పే కార్లలో వెనుక బరువు తక్కువ కనుక అరుగుదల ఏటవాలు మచ్చలుగా కూడా పడుతుంది. ఆ మచ్చల వల్ల వచ్చే హోరును విని బేరింగు పోయిందని మార్పించుకున్నవారు ఉన్నారు. కాబట్టి బేరింగు కొనే ముందు టైరును తడిమి చూడండి.

కారును చక్రాల కోణాలు కొలిచే మిషను ఎక్కించే ముందు టైర్లలో గాలి సరిచూడాలి, డిక్కీలోని బరువులు దించాలి, చక్రాన్ని జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకొని ఊపి, బేరింగులో ఆట లేదని తేల్చుకోవాలి. ఆ తరువాత నాలుగు చక్రాలనూ కొలిచే మిషను మీదనే కొలిపించండి.

[దృశ్యం: కొలతల ప్రింటౌట్. వెనుక ఎడమ టో: మైనస్ 12 నిమిషాలు. వెనుక కుడి టో: ప్లస్ 18 నిమిషాలు.]

ఇక్కడ నిమిషం అంటే డిగ్రీలో 60వ వంతు. ప్లస్ అంటే చక్రం ముందు అంచు లోపలికి, మైనస్ అంటే బయటికి తిరిగి ఉందని అర్థం. ఈ రెండు అంకెలనూ కూడితే మొత్తం టో 6 నిమిషాలు వస్తుంది, ఆ ఒక్క అంకెనే చూస్తే కారుకు ఏ లోపమూ లేదనిపిస్తుంది. కానీ రెండింటి మధ్య తేడా 30 నిమిషాలు, అందులో సగమైన 15 నిమిషాలే థ్రస్ట్ యాంగిల్, అంటే వెనుక చక్రాలు రెండూ కలిసి బండిని తోసే దిశ నడిరేఖ నుంచి అంత పక్కకు తిరిగి ఉంది. 2450 మిల్లీమీటర్ల వీల్‌బేస్ (ముందు ఇరుసు నుంచి వెనుక ఇరుసుకు దూరం) ఉన్న స్విఫ్ట్‌లో ఈ కోణానికి తోక జరిగేది సుమారు 11 మిల్లీమీటర్లే. మొదట చూసిన జాడల్లో లాగా తేడా కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తే కోణం ఇంతకంటే చాలా ఎక్కువనీ, ఏదో భాగం వంగి ఉండవచ్చనీ అనుమానించాలి.

ఈ కారులో ఒక్కో వెనుక చక్రానికి ఉండవలసిన టో ప్లస్ 3 నిమిషాలు అనుకుందాం. ఎడమ చక్రం 15 నిమిషాలు తగ్గింది, కుడి చక్రం సరిగ్గా 15 నిమిషాలే పెరిగింది. రెండు చక్రాలు ఒకే దిశలో సమానంగా తిరిగాయి కనుక చక్రాలు కాక, వాటిని మోస్తున్న బీమే (రెండు వెనుక చక్రాలనూ కలిపే అడ్డ ఉక్కు దూలం) మొత్తంగా పక్కకు తిరిగిందని తెలుస్తుంది. అప్పుడు బీము ముందు భాగంలోని రెండు బుష్‌లనూ (రబ్బరు తొడుగులు), అవి బాడీకి బిగిసే చోటునూ చూడాలి. అలా కాక ఒక చక్రం కొలత మాత్రమే తప్పి రెండోది సరిగ్గా ఉంటే, గుంతలోనో డివైడరుకో గట్టిగా తగిలి ఆ వైపు చక్రం తిరిగే పొట్టి ఇరుసైన స్టబ్ యాక్సిల్‌గానీ బీము చేయిగానీ వంగి ఉంటుంది.

స్విఫ్ట్, ఐ20 వంటి కార్లలో ఉండే టార్షన్ బీముకు కంపెనీ ఇచ్చిన సర్దుబాటు ఏదీ లేదు. బుష్‌లు అరిగితే రెండింటినీ కలిపే మార్చాలి, కొత్త బుష్‌ల బోల్టులను కారు బరువు చక్రాల మీద ఉండగానే చివరిగా బిగించాలి. బండి గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, కిందికి దించగానే రబ్బరు మెలితిరిగి తొందరగా చిరుగుతుంది. స్టబ్ యాక్సిల్ వంగితే దాన్నే మార్చడం ఉత్తమం. తేడా కొద్దిగా ఉన్నప్పుడు బీముకూ స్టబ్ యాక్సిల్‌కూ మధ్య ఏటవాలు షిమ్ (పలుచని లోహపు బిళ్ళ) పెట్టవచ్చు, అయితే అది ఆ రెండూ కలిసే ముఖమంతా ఆనేదై ఉండాలి. రెండు బోల్టుల కింద మామూలు వాషర్లు దూర్చడాన్ని ఎవరు చేసినా ఒప్పుకోకండి, ఎందుకంటే అలా ఆనే చోటు తగ్గి, బోల్టులు వదులై, చక్రం బిగింపే ప్రమాదంలో పడుతుంది. వంగిన బీమును వేడిచేసి సుత్తితో కొట్టి తిన్నగా చేయించడమూ అంతే ప్రమాదకరం. మెలితిరిగి మళ్లీ యథాస్థితికి రావడమే పనిగా ఉన్న ఉక్కు ఆ వేడికి తన బలం కోల్పోవచ్చు.

[దృశ్యం: కారు కింద, వెనుక ఆర్మ్ బోల్టు తల దగ్గర అంకెల గీతలున్న గుండ్రటి బిళ్ళ.]

ఎక్స్‌యూవీ 700 వంటి మల్టీలింక్ సస్పెన్షన్ (ఒక్కో వెనుక చక్రాన్ని విడివిడిగా కొన్ని ఆర్మ్‌లు పట్టి ఉంచేది) ఉన్న బండ్లలో పని కొంత సులువు. ఇలాంటి సస్పెన్షన్‌లో నట్టు వదులు చేసి బోల్టును తిప్పితే దానికున్న ఎక్సెంట్రిక్ బిళ్ళ (రంధ్రం నడిమధ్యన కాక పక్కకు ఉన్నది) ఆర్మ్‌ను లోపలికో బయటికో జరుపుతుంది. తిప్పే ముందు పాత స్థానాన్ని సుద్దతో గుర్తుపెట్టుకోవాలి. క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలి ఉండే కోణం) మారితే టో కూడా మారుతుంది కనుక, రెండూ సర్దుకునే వీలున్న బండిలో ముందుగా క్యాంబర్‌ను, తరువాతే టోను సరిచేయాలి.

వెనుక పని పూర్తయ్యాకే ముందు చక్రాలకు రావాలి. స్టీరింగ్‌ను నిటారుగా నిలిపి, హోల్డరుతో కదలకుండా బిగించి, రెండు టై రాడ్లనూ సరిచేసి, స్టెబిలిటీ కంట్రోల్ (బండి అదుపు తప్పి జారకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) ఉన్న కారైతే కంపెనీ చెప్పిన ప్రకారం స్టీరింగ్ యాంగిల్ సెన్సరును స్కానరుతో మళ్లీ సున్నాకు తేవాలి. తరువాత చదునైన రోడ్డు మీద నడిపి, స్టీరింగ్ ఎక్కడ నిలుస్తుందో చూసి, పాత ప్రింటౌట్ పక్కన కొత్తదాన్ని పెట్టి వెనుక అంకెలను పోల్చుకోండి. హోరు వెంటనే తగ్గలేదని మాత్రం కంగారుపడి మళ్లీ బోల్టులు కదపకండి. మచ్చలు పడిన టైర్లను మార్చేవరకు ఆ చప్పుడు వస్తూనే ఉంటుంది.