అటక మీది పాత దస్తావేజులు: మడత విప్పడం నుంచి పొలం హద్దుల దాకా

నమస్కారమండీ. చాలా ఇళ్ళల్లో అటక మీది ట్రంకు పెట్టెలోనో, బీరువా అడుగు అరలోనో గుడ్డలో చుట్టిన కాయితాల కట్ట ఒకటి ఉంటుంది. క్రయ దస్తావేజులు, శిస్తు రసీదులు, ప్రామిసరీ నోట్లు, అన్నదమ్ముల పంపకాల కాయితాలు, ఒకటో రెండో జాతకాలు. పొలం ఎప్పుడో చేతులు మారింది కదా, ఇవెందుకని భోగి మంటలో వేసే ఇళ్ళు కూడా ఉన్నాయి. దయచేసి ఆ పని చెయ్యకండి. పొలం మీద హక్కు పోయినా, ఆ కాయితంలో మీ ముత్తాత పేరుంది, ఆయన తండ్రి పేరుంది, ఆయన పొలాన్ని ఆనుకుని ఎవరి పొలాలున్నాయో ఉంది, అప్పటి డొంక ఎటు పోయేదో ఉంది. ఒక మామూలు రైతు కుటుంబానికి ఇంతకంటే గట్టి ఆధారం దొరకడం కష్టం.

ఈరోజు ఆ కట్టని ఎలా విప్పాలి, తేదీ ఎలా తేల్చాలి, చివరికి ఊళ్ళోకి తీసుకెళ్ళి ఎలా సరిపోల్చాలి అన్నది చూద్దాం. మొదట్నుంచి చివరిదాకా ఒకే నియమం: ఏ తేదీనీ ఒక్క ఆధారంతో నమ్మొద్దు. అదే కాయితంలో రెండో సాక్ష్యం వెతకాలి. దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది.

ముందు విప్పడం. ఎనభై తొంభై ఏళ్ళు మడతలో ఉన్న కాయితాన్ని ఎండాకాలం మధ్యాహ్నం విప్పితే మడత దగ్గరే పుటుక్కున విరుగుతుంది. కాయితం పూర్తిగా ఎండిపోవడమే కారణం. కొంచెం తేమ ఇస్తే మెత్తబడుతుంది. పెద్ద ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. అడుగున తడిపి గట్టిగా పిండిన తువ్వాలు వెయ్యండి. దానిమీద స్టీలు జల్లెడ బోర్లించి, జల్లెడ పైన మడతపెట్టిన కాయితాన్ని పెట్టండి. తడిగుడ్డ కాయితానికి తగలకూడదు. మూత లోపలివైపు ఒక పొడి గుడ్డ అంటించండి. లేకపోతే మూతకి చెమటపట్టి చుక్కలు కాయితం మీద పడతాయి, ఆ మరక ఇక పోదు. గంటకోసారి చూస్తూ ఉండండి. రెండు నుంచి నాలుగు గంటల్లో మడత వదులవుతుంది. రాత్రంతా మాత్రం ఉంచకండి, బూజు పడుతుంది. తర్వాత నెమ్మదిగా విప్పి, రెండు తెల్ల కాయితాల మధ్య పెట్టి, పైన లావుపాటి పుస్తకాలు రెండు రోజులు ఉంచండి. మధ్యలో ఒకసారి ఆ తెల్ల కాయితాలు మార్చండి.

ఇదంతా చేసేముందు ఒక పరీక్ష ఉంది. ఇయర్ బడ్‌ని నీళ్ళలో ముంచి పిండి, ఒక అక్షరం కొసకి తాకించండి. దూదికి రంగు అంటితే ఆ కాయితానికి తేమ పెట్టకూడదు. ఊదారంగు రబ్బరు ముద్రలు, కాపీయింగ్ పెన్సిల్ రాతలు తేమకి ఇట్టే పాకిపోతాయి. తాటాకులకైతే ఈ పద్ధతి అసలు వద్దు.

లామినేషన్ చేయించొద్దు, సెలోటేపు వెయ్యొద్దు. లామినేషన్ వేడికి అతుక్కున్న ప్లాస్టిక్కుని వెనక్కి తియ్యడం సాధ్యం కాదు, లోపల కాయితం పసుపెక్కుతూనే ఉంటుంది. టేపు జిగురు కొన్నేళ్ళకి గోధుమరంగు చారగా కాయితంలోకి ఇంకిపోతుంది. చాలా దస్తావేజులు పాడైంది చెదల వల్లా, ఈ రెండు మంచి ఉద్దేశాల వల్లా.

విప్పగానే ఫోటో తియ్యండి, చదవడం తర్వాత. కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట, ఫ్లాష్ లేకుండా, ఫోన్ కాయితానికి సమాంతరంగా ఉంచి తియ్యాలి. పక్కన స్కేలు పెట్టండి. వెనకవైపు ఖాళీగా ఉన్నా తియ్యండి. స్టాంపు కాయితం వెనకే కదా వెండరు రాత ఉండేది: ఏ తేదీన, ఎంత విలువకి, ఎవరికి అమ్మాడో. స్కానింగ్ యాప్‌తో తీస్తే బొమ్మ శుభ్రంగా కనిపిస్తుంది కానీ, అది పెన్సిల్ గుర్తుల్నీ వెలిసిన ముద్రల్నీ మరకలనుకుని చెరిపేస్తుంది. మామూలు కెమెరాతో, రంగుల్లోనే తియ్యండి. కాయితంలోకి ఒత్తిన ముద్ర ఏదైనా కనపడకపోతే గది చీకటి చేసి, టార్చిలైటుని పక్కనుంచి, కాయితం మట్టానికి పట్టి మళ్ళీ తియ్యండి.

ఇక తేదీ. కొంచెం నిదానంగా వినండి, ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే.

ఒక నమూనా తీసుకుందాం. కోస్తా జిల్లా దస్తావేజు అనుకోండి. మొదటి వరుసలో ‘శాలివాహన శక 1858 అగు ధాత నామ సంవత్సర వైశాఖ శు’ అని ఉంది. 1858 చూడగానే సిపాయిల తిరుగుబాటు రోజులనుకుంటారు. కాదు, అది శక సంవత్సరం. 78 కలపండి, 1936 వస్తుంది. ఉగాది నుంచి డిసెంబరు దాకా 78, జనవరి నుంచి మళ్ళీ ఉగాది దాకా 79. అంటే మాఘం, ఫాల్గుణం పడితే 79 కలపాలి. పుష్యమాసం రెండు సంవత్సరాల మధ్య పడుతుంది కాబట్టి దాన్ని పంచాంగంలో విడిగా చూడాలి.

శక సంఖ్య లేకుండా ఒట్టి ‘ధాత’ అని ఉంటే? అరవై ఏళ్ళకోసారి తిరిగొచ్చే సంవత్సరాల పేర్లలో, ప్రభవ నుంచి లెక్కపెడితే ధాత పదోది. వరుస సంఖ్యకి 1866 గానీ, 1926 గానీ, 1986 గానీ కలపాలి. 1876, 1936, 1996 వస్తాయి. ఈ మూడింట్లో ఏది? స్టాంపు మీద బొమ్మ చూడండి. విక్టోరియా రాణి అయితే 1876. అయిదో జార్జి అయితే 1936, ఎందుకంటే ఆయన 1910 నుంచి 1936 జనవరి దాకా రాజు, ఆయన పోయాక కూడా పాత స్టాంపు కాయితాలు అమ్ముడుపోతూనే ఉంటాయి. అశోక స్తంభం సింహాలుంటే 1996. స్టాంపు బొమ్మ ఫలానా ఏడాది ‘కంటే ముందు కాదు’ అని మాత్రమే చెబుతుంది. సరిగ్గా ఆ ఏడాదేనని చెప్పదు.

వారం కూడా మంచి సాక్షి. పాత రాతల్లో భానువారం అంటే ఆదివారం, భౌమవారం మంగళవారం, భృగువారం శుక్రవారం, స్థిరవారం, మందవారం రెండూ శనివారమే. సౌమ్యవారం అన్నది సోమవారం కాదు, బుధవారం. తిథిని పాత పంచాంగంలో చూసి, వారం కలిసిందంటే మీ లెక్క సరైనట్టే. ఒక రోజు తేడా వస్తే కంగారు పడక్కర్లేదు, తిథి మధ్యాహ్నం మారి ఉండొచ్చు. నెల తేడా వస్తే ఆ ఏడు అధికమాసం ఉందేమో చూడండి.

శిస్తు రసీదుల మీద ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, ఉంటుంది. మద్రాసు రాష్ట్రంలో ఉన్న జిల్లాల్లో ఫసలీ జూలై 1న మొదలవుతుంది. ఫసలీకి 590 కలిపితే మొదలైన సంవత్సరం వస్తుంది. 1346 ఫసలీ అంటే 1936 జూలై నుంచి 1937 జూన్ దాకా. నిజాం ఏలుబడిలో లెక్క వేరు. అక్కడ ఏడాది ఆజూర్ నెలతో, అక్టోబరు మొదటివారంలో మొదలయ్యేది. ఆజూర్, దై, బహమన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ, ఆర్దిబెహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహ్రేవర్, మెహర్, ఆబాన్. ఉదాహరణకి 1345 ఫసలీ ఇస్ఫందార్ 25 అంటే, ఇస్ఫందార్ నాలుగో నెల, జనవరిలో పడుతుంది. ఇంగ్లీషు సంవత్సరం మారిపోయింది కాబట్టి 590కి బదులు 591 కలపాలి: 1936 జనవరి నెలాఖరు. తెలంగాణ కాయితానికి ఆంధ్ర ఫసలీ లెక్క కట్టడం తరచు జరిగే పొరపాటు. ఏ సర్కారు కాయితమో ముందు చూసుకోండి.

అంకెల్లో ఇంకో గోతి ఉంది. తెలుగు అంకె ౩ పక్కన రెండు నిలువు గీతలుంటే అది 311 కాదు, మూడున్నర. ఒక నిలువు గీత కాలు, రెండు అర, మూడు ముప్పాతిక. అడ్డగీతలు వీసాలు, అంటే పదహారో వంతులు. రూపాయికి పదహారణాలు కనుక ఒక అడ్డగీత ఒక అణా. రెండు నిలువు గీతలూ ఒక అడ్డగీతా ఉంటే తొమ్మిదణాలు. ‘రు 25-8-0’ అంటే ఇరవై అయిదు రూపాయల ఎనిమిదణాలు. నయాపైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి కాబట్టి అణాల్లో రాసిన కాయితం మామూలుగా అంతకుముందుదే. హైదరాబాదు రాజ్యంలో నిజాం రూపాయి అయిన హాలీ సిక్కా వేరు, బ్రిటిషు రూపాయి అయిన కల్దార్ వేరు. ఏడు హాలీ రూపాయలకి ఆరు కల్దార్లు. ఏది రాశారో చూడకుండా ధరలు పోల్చొద్దు.

విస్తీర్ణంలోనూ అంతే. తెలంగాణలో 2-20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. ఆంధ్రలో 2-20 అంటే రెండెకరాల ఇరవై సెంట్లు. గుంటకి 121 చదరపు గజాలు, సెంటుకి 48.4. పుట్టి, తూము లెక్కన రాసిన భూమిని మాత్రం ఎకరాల్లోకి మార్చకండి. అది విత్తనాన్ని బట్టి చెప్పిన కొలత, ఊరూరికీ మారుతుంది.

చదవడం కష్టంగా ఉంటే అది మీ లోపం కాదు. కరణాల గొలుసుకట్టు రాతలో మాటకీ మాటకీ ఖాళీ ఉండదు. ‘కర్త’ని ‘కత౯’ అని రాసేవారు. ర్ శబ్దానికి గుర్తయిన ఆ వలపల గిలక చూడ్డానికి తొమ్మిది అంకెలా ఉంటుంది. ముందు చివరి వరుసలు చదవండి: సాక్షులు, చేవ్రాలు (సంతకం), నిశాని (సంతకం రానివాళ్ళు పెట్టే గుర్తు). ఆ పేర్లు పైన మళ్ళీ వస్తాయి, అక్కణ్ణుంచి ఆ చేతి అక్షరాలు అలవాటవుతాయి. తెలంగాణ కాయితం ఉర్దూలో ఉంటే చదివి చెప్పే పెద్దమనిషిని వెతకాలి. పేరుకీ పేరుకీ మధ్య ‘వల్ద్’ అని చదివితే ‘ఫలానావారి కొడుకు’ అని.

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం చెక్కుబందీ, అంటే పొలానికి నాలుగు దిక్కులా ఉన్న హద్దులు. తూర్పు ఫలానావారి పొలం, దక్షిణం డొంక, పడమర మంగలి మాన్యం, ఉత్తరం చెరువు అలుగు. ఈ నాలుగు వరుసల్లో అప్పటి ఊరు ఉంది. ఒకే ప్రాంతానికి చెందిన నాలుగైదు దస్తావేజులు దొరికితే హద్దుల్ని ఒకదానికొకటి అతికించి కాయితం మీద పటం గీయొచ్చు. దాన్ని గ్రామ నక్షాతో, అంటే ఊరి సర్వే పటంతో పోల్చండి. సర్వే నంబరు కలవకపోతే రీసర్వేలో మారి ఉంటుంది. ఆంధ్ర జిల్లాల్లో ఆర్‌ఎస్‌ఆర్‌లో (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు) పాత నంబరు గడి ఉంటుంది. తెలంగాణలో సేత్వార్ (మొదటి సర్వే నాటి భూమి రిజిస్టరు), 1954-55 ఖస్రా పహాణీ (ఏ సర్వే నంబరు ఎవరి పేర ఉందో చెప్పే రికార్డు) చూడాలి. తర్వాత ఆ పటం పట్టుకుని, ఆ చేలల్లో పనిచేసిన పెద్దాయన ఎవరైనా ఉంటే వెంటబెట్టుకుని, పొద్దున్నే వెళ్ళండి. పొలం ఇప్పుడు ఎవరిదైతే వారికి ముందే చెప్పండి. పాత దస్తావేజు పట్టుకుని గట్టు మీద నిలబడ్డవాళ్ళని చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది.

పెద్దల్ని అడిగేటప్పుడు ‘ఏ సంవత్సరం?’ అనొద్దు. ‘ఉప్పెనకి ముందా తర్వాతా?’ అనండి. దివిసీమలో అది 1977 నవంబరు 19. సాగర్ కాలవ కింద ఊళ్ళయితే నీళ్ళొచ్చిన 1967. తెలంగాణలో 1948 సెప్టెంబరు పోలీసు చర్య. గోదావరి పక్కన 1986 వరద, లేదా 1979, 1991 పుష్కరాలు. తద్దినం పెట్టే ఇళ్ళలో పోయిన రోజు తేదీగా కాదు, తిథిగా గుర్తుంటుంది. సంవత్సరం పేరు కూడా తెలిస్తే చాలు, పైన చెప్పిన లెక్కతో ఏడాదీ, పాత పంచాంగంతో తేదీ వచ్చేస్తాయి.

వంశవృక్షం గీసేటప్పుడు ప్రతి మనిషికీ ఒక నంబరు ఇవ్వండి. తాత పేరు మనవడికి పెట్టే ఇళ్ళలో ఒకే పేరు ఏడు తరాల్లో నాలుగుసార్లు రావచ్చు. మేనరికాల వల్ల గీతలు తిరిగి కలుస్తాయి. ఇంటిపేరు హఠాత్తుగా మారితే దత్తతో, ఇల్లరికమో అడగండి. ఆడవాళ్ళ పుట్టింటి ఇంటిపేరు, ఊరు తప్పకుండా రాయండి. అది వదిలేస్తే సగం కుటుంబం పోయినట్టే. వాళ్ళ పేర్లు దస్తావేజుల్లో తక్కువ, ఇత్తడి సామాను మీద ఎక్కువ. పెళ్ళి సారె బిందెల అంచున చుక్కలతో కొట్టిన పేర్లు, తేదీలు చూడండి. చింతపండుతో గట్టిగా తోమకండి, ఇప్పటికే సగం అరిగి ఉంటాయి. పొడిగుడ్డతో తుడిచి, టార్చి పక్కనుంచి పట్టి ఫోటో తీస్తే చాలు.

చివరిగా, అసలు దస్తావేజే లేకపోతే. రిజిస్టరైనదైతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు తీసుకోవచ్చు. దస్తావేజు నంబరు, సంవత్సరం, 1వ పుస్తకం, వాల్యూం, పుటలు - ఈ అయిదూ తెలిస్తే పని తేలిక. తర్వాతి లావాదేవీ కాయితంలో పాతదాని నంబరు తరచు ఉంటుంది, ముందు అక్కడ వెతకండి. ఇప్పుడున్న ఆఫీసుకి కాక, అప్పుడు ఆ ఊరు ఏ ఆఫీసు కింద ఉండేదో కనుక్కుని అక్కడికి వెళ్ళండి. ఎంత వెతికినా దొరకకపోతే అది దొంగ కాయితమని తేల్చెయ్యకండి. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం వంద రూపాయలు, ఆ పైన విలువున్న స్థిరాస్తి క్రయాలకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ రోజుల్లో ఎనభై రూపాయలకి కొన్న చేను ఏ ఆఫీసు పుస్తకంలోనూ ఉండకపోవచ్చు.