గాలి పోయే దారి: దేశదేశాల రేసు కార్ల రెక్కలు, తోకలు

సభాధ్యక్షులకు, అధ్యాపక మిత్రులకు, వరంగల్, కాజీపేట, జనగామ, కరీంనగర్‌ల నుంచి ఈ హనుమకొండ సభకు వచ్చిన విద్యార్థులకు నమస్కారం.

ఎండాకాలంలో నర్సంపేట వైపు నుంచి వచ్చే ఆర్టీసీ బస్సును ఒకసారి గమనించండి. ముందు అద్దం మీద కంటే వెనక అద్దం మీదనే దుమ్ము మందంగా పేరుకొని ఉంటుంది. ఎవరో ఒక పిల్లవాడు అందులో వేలితో తన పేరు కూడా రాసి ఉంటాడు. బస్సు ముందుకు పోతున్నప్పుడు దుమ్ము వెనక ఎందుకు పట్టాలి? బస్సు పైనుంచి, పక్కల నుంచి జారి వచ్చిన గాలి ఆ నిలువు అంచు దగ్గర మలుపు తిరగలేక బస్సును విడిచిపెడుతుంది. అక్కడ ఒత్తిడి తగ్గిన చోటు ఒకటి ఏర్పడి, చుట్టుపక్కల గాలి సుడులు తిరుగుతూ, చక్రాలు లేపిన దుమ్మును వెంటబెట్టుకొని వచ్చి వెనక అద్దాన్ని కొడుతుంది. ముందు ఒత్తిడి ఎక్కువ, వెనక ఒత్తిడి తక్కువ కాబట్టి బస్సును ఎప్పుడూ ఎవరో వెనక్కి పట్టి లాగుతున్నట్టే ఉంటుంది. కార్లకు రెక్కలు, తోకలు, పెదవులు పెట్టే విద్య అంతా ఈ దుమ్మును చదవడంతోనే మొదలవుతుంది.

ఈ లాగుడు ఎంత ఉంటుందో లెక్క చూద్దాం. ఒక మామూలు కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు గాలిని తోసుకొని పోవడానికి సుమారు రెండున్నర హార్స్‌పవర్ సరిపోతుంది. 120 దగ్గర అది 20 అవుతుంది. 240 దగ్గర 160 అవుతుంది. వేగం రెండింతలైతే గాలి బలం నాలుగింతలు, దానికి కావలసిన శక్తి ఎనిమిదింతలు అవుతుందన్న సూత్రం మీరు పాఠ్యపుస్తకంలో చదివే ఉంటారు. కానీ దాని రెండో ముఖాన్ని చాలామంది గమనించరు: కారును నేలకు అదిమి టైర్లకు పట్టు పెంచడం రెక్క పని. పెద్ద వేగం దగ్గర ఆ పనిని బ్రహ్మాండంగా చేసే రెక్క చిన్న వేగం దగ్గర దాదాపు ఏ పనీ చేయదు. మీటరుకు కొంచెం ఎక్కువ పొడవు, జానెడు కంటే తక్కువ వెడల్పు ఉన్న ఒక రెక్క 240 వేగంలో 40 కిలోల బరువుతో కారును నేలకు అదిమితే, అదే రెక్క 60 వేగంలో రెండున్నర కిలోలతో అదుముతుంది. డిక్కీలో ఒక చిన్న బియ్యం సంచి పెట్టినా అంతే.

కొన్నేళ్ల కింద నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి తన సెడాన్ కారుకు డిక్కీ మీద ఒక అల్యూమినియం రెక్క బిగించుకొని, ఆటోనగర్‌లో నాకు తెలిసిన షెడ్డుకు తీసుకొచ్చాడు. "సార్, రెక్క పెట్టినంక గూడ హైవే మీద బండి తేలికైతనే ఉన్నది, ఏం ఫరక్ లేదు" అన్నాడు. కారణం ఊహించి చెప్పడం కంటే గాలినే అడగడం మంచిదనిపించింది. కొత్తవాడలో జంపఖానాలు నేసే వాళ్ల దగ్గర మిగిలిన ఎర్ర నూలు తెచ్చి, బెత్తెడు పోగులుగా కత్తిరించి, పైకప్పు చివర నుంచి వెనక అద్దం మీదుగా డిక్కీ అంచు దాకా టేపుతో వరుసలుగా అతికించాము. రెక్క పక్కన ఒక సన్నని ఇనుప కడ్డీని నిలబెట్టి, రెండేసి అంగుళాలకు ఒక పోగు చొప్పున దానికి కూడా కట్టాము. తెల్లవారి ఆరు గంటలకు హసన్‌పర్తి దాటిన తరువాత ఖాళీ రోడ్డు మీద 60 వేగంతో అతను నడుపుతుంటే, నేను ఇంకో కారులో పక్కన కూర్చొని ఫోనులో చిత్రీకరించాను.

పైకప్పు మీది పోగులు దువ్విన జుట్టులా వెనక్కి పడుకొని ఉన్నాయి. వెనక అద్దం మీద సగం దాటగానే అవి వణకడం మొదలుపెట్టాయి. డిక్కీ మీదివి ఒకసారి పక్కకు, ఒకసారి పైకి, కొన్ని అయితే కారు పోయే వైపుకే తిరిగి ఎగురుతున్నాయి. అంటే అక్కడ గాలి వెనక్కి పోవడం లేదు, ముందుకు వస్తున్నది. రెక్క సరిగ్గా ఆ సుడుల మధ్యలో ఉన్నది. కడ్డీ మీద కింది పోగులన్నీ పిచ్చిగా కొట్టుకుంటుంటే, పైకప్పు ఎత్తుకు దగ్గరగా ఉన్న ఒకటి రెండు మాత్రమే తిన్నగా నిలిచాయి. ఆ అబ్బాయి ఆ వీడియోను నాలుగుసార్లు చూసి, "గాలి పైనుంచే పోతున్నది సార్" అన్నాడు. నేను ఏళ్ల తరబడి తరగతిలో చెప్పిన దాని కంటే ఆ ఒక్క మాట ఎక్కువ విషయం చెప్పింది.

ఇప్పుడు ఆ కడ్డీని మనసులో పెట్టుకొని దేశాలు తిరుగుదాం. అమెరికాలో 1966లో టెక్సాస్ వాసి జిమ్ హాల్ తన చాపరల్ 2ఇ కారుకు రెక్కను రెండు పొడవాటి కాళ్ల మీద, డ్రైవరు తలకంటే ఎంతో ఎత్తున నిలబెట్టాడు. సుడులు లేని గాలి అక్కడే దొరుకుతుంది. ఆ కాళ్లను ఆయన కారు శరీరానికి బిగించకుండా వెనక చక్రాల దగ్గరి సస్పెన్షన్ భాగాలకే బిగించాడు. దాంతో రెక్క అదిమే బరువు స్ప్రింగులను కుంగదీయకుండా నేరుగా టైర్ల మీద పడింది. మూడేళ్ల తరువాత అదే అమెరికాలో స్టాక్ కార్ పోటీల (మామూలు రోడ్డు కార్ల ఆకారంలో ఉండే కార్ల పందేల) కోసం డాడ్జ్ చార్జర్ డేటోనా, 1970లో ప్లిమత్ సూపర్‌బర్డ్ వచ్చాయి. సూదిగా సాగిన ముక్కు, దాదాపు రెండడుగుల ఎత్తున నిలిచిన రెక్క వాటి గుర్తులు. 1970 మార్చిలో టాలడేగా ట్రాక్ మీద బడ్డీ బేకర్ అలాంటి డేటోనాతోనే గంటకు 200 మైళ్ల గీతను దాటాడు. ఆ రెక్క ఎత్తు గొప్ప కోసం పెట్టింది కాదు, మన ఎర్ర నూలు తిన్నగా నిలబడిన ఎత్తు అది.

చాపరల్ రెక్కకు పదేళ్ల ముందే, 1956లో, స్విట్జర్లాండ్‌కు చెందిన మైఖేల్ మే అనే యువ ఇంజనీరు తన పోర్షే 550 కారు మీద తలకిందులైన విమాన రెక్కను అమర్చి జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్‌కు తీసుకుపోతే, నిర్వాహకులు దాన్ని అనుమతించలేదు. ఆ ఆలోచనకు తగిన కాలం ఇంకా రాలేదనుకోవాలి. కానీ నిషేధాలన్నీ అలాంటివే అని మాత్రం అనుకోవద్దు. 1968లో ఫార్ములా వన్‌లోకి రెక్కలు వచ్చిన తరువాత జట్లు పోటీపడి వాటిని సన్నని కాళ్ల మీద ఎత్తుకు లేపాయి. 1969 మే నెలలో బార్సిలోనాలోని మోంజుయిక్ వీధుల్లో లోటస్ జట్టు కార్లు రెండింటికీ ఒకదాని తరువాత ఒకటిగా రెక్కలు విరిగాయి. గ్రాహం హిల్ బయటపడ్డాడు, యోకెన్ రింట్ గాయపడ్డాడు. వెంటనే జరిగిన మొనాకో పోటీలో ఎత్తు రెక్కలను తీసివేయించారు. రేకును తమంతట తామే తొలుచుకొని దిగే మరలతో పలుచని డిక్కీ రేకుకు రెక్క బిగించుకునే ప్రతి ఒక్కరూ ఈ సంఘటన చదవాలని నా కోరిక. రెక్క పనిచేయకపోతే నష్టం డబ్బే. అది పనిచేస్తూ పనిచేస్తూ విరిగితే మాత్రం ప్రాణాల మీదికి వస్తుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ ఆస్ట్రియాలో జరిగింది. 1969లో పోర్షే 917 అనే కారు అపారమైన శక్తితో వచ్చింది, కానీ తిన్నని దారిలో కూడా డ్రైవర్లు దాన్ని అదుపు చేయలేకపోయారు. ఆ అక్టోబరులో ఓస్టర్‌రైష్‌రింగ్ ట్రాక్ మీద పరీక్షలు చేస్తుండగా, ఇంగ్లండు నుంచి వచ్చిన జట్టు ఇంజనీరు జాన్ హోర్స్‌మన్ ఒక విషయం గమనించాడు. కారు ముందు భాగమంతా చచ్చిన పురుగులు అంటుకొని ఉన్నాయి, వెనక తోక మీద మాత్రం ఏమీ లేదు. పురుగులు చేరలేదంటే గాలి కూడా చేరలేదన్న మాట. వెంటనే ట్రాక్ పక్కనే అల్యూమినియం రేకులు కత్తిరించి, తోకను పొట్టిగా, పైకి లేచేటట్టుగా కట్టారు. కారు స్వభావమే మారిపోయింది. మరుసటి ఏడాది లె మాన్స్ 24 గంటల పోటీలో పోర్షే మొట్టమొదటిసారి గెలిచింది ఆ పొట్టితోక 917తోనే. కోట్ల ఖర్చుతో కట్టిన కారును బాగుచేసింది చచ్చిన పురుగులను చూసిన కన్ను. ఆర్టీసీ బస్సు వెనక దుమ్ము చూడమని నేను మిమ్మల్ని అడిగింది ఇందుకే.

పైన రెక్కలు పెట్టే దారి అలా ఉండగా ఇంగ్లండులో చూపు కారు కిందికి మళ్లింది. కారుకు, నేలకు మధ్య గాలి ఇరుకు దారిలో వేగంగా పోతే అక్కడ ఒత్తిడి తగ్గి, కారు మొత్తం నేలకు అతుక్కుంటుంది. నమూనాల మీదికి గాలిని వదిలి పరీక్షించే గాలిసొరంగంలో లోటస్ నమూనా పక్కభాగాలు తమంతట తామే నేలవైపు కుంగుతుండటం చూసి పీటర్ రైట్ బృందం ఈ కిటుకును పట్టుకున్నది. 1978లో లోటస్ 79తో మారియో ఆండ్రెట్టి ప్రపంచ విజేత అయ్యాడు. అదే ఏడాది బ్రాబమ్ జట్టు వెనక పెద్ద ఫ్యాను పెట్టి కారు కింది గాలిని పీల్చివేసే కారును స్వీడన్ పోటీకి తెచ్చింది. నికీ లౌడా గెలిచాడు. ఆ కారు మళ్లీ పోటీకి రాలేదు. 1983 నుంచి కారు అడుగు చదునుగా ఉండాలన్న నియమం వచ్చింది. 2022లో కారు అడుగున గాలి పోయే సొరంగాల వంటి దారులు మళ్లీ వచ్చినప్పుడు కార్లు తిన్నని దారిలో పైకీ కిందికీ ఎగరడం మీలో చాలామంది టీవీలో చూసే ఉంటారు. నేలకు దగ్గరైన కొద్దీ పీల్పు పెరిగి, మరీ దగ్గరయ్యాక గాలి దారి మూసుకుపోయి, పట్టు వదిలి లేచి, మళ్లీ పట్టుకోవడమే ఆ ఎగురుడు. గాలి అడుగు నుంచి ఎదురు తిరిగితే ఏమవుతుందో 1999 లె మాన్స్‌లో మెర్సిడెస్ సిఎల్ఆర్ కార్లు చూపించాయి. దారిలోని చిన్న మిట్ట మీద ముక్కు కొంచెం లేవగానే కిందికి దూరిన గాలి కారును ఆకు లేపినట్టు లేపింది. అదృష్టవశాత్తు డ్రైవర్లు బతికారు.

చట్టం కూడా కారు ఆకారాన్ని దిద్దుతుంది. 1973లో బిఎండబ్ల్యు 3.0 సిఎస్ఎల్ కారు వెనక రెక్కను జర్మనీ రోడ్డు నియమాలు ఒప్పుకోకపోవడంతో, కంపెనీ ఆ రెక్కను డిక్కీలో పెట్టి అమ్మింది. కొన్నవాళ్లు తరువాత బిగించుకున్నారు. జపానులో ఫుజి ట్రాక్ మీద పరుగెత్తిన వెడల్పాటి రేసు కార్లను చూసి, అక్కడి యువకులు తమ పాత సెడాన్లకు ముందు బంపరు కింద బాగా ముందుకు సాగే పెదవులు అతికించారు. వాటికి వాళ్లు పెట్టుకున్న పేరు దెప్పా, అంటే ఎత్తుపళ్లు. అవి గాలి కోసం చేసినవి కావు, చూపు కోసం చేసినవి. అది దాచుకోని కళ కాబట్టి నాకు దాని మీద గౌరవమే ఉన్నది. అదే జపానులో, రెండు కిలోమీటర్ల సుకుబా ట్రాక్ మీద ఒక చుట్టు ఎంత తక్కువ సమయంలో తిరిగామన్న పందెంలో సెకనులో పదో వంతు కోసం పోటీపడే వాళ్లు మాత్రం ప్రతి రేకునూ లెక్క చూసి పెడతారు. 2010లో సిడ్నీలో మొదలైన వరల్డ్ టైమ్ అటాక్ పోటీలో ఆ విద్య ఇంకా ముందుకు పోయింది. అక్కడి కార్ల ముందు పలకలు మనిషి పడుకునేటంత ఉంటాయి. అవి అద్దం లాంటి నున్నని ట్రాక్ కోసం పుట్టిన ఆకారాలు. మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్ల మీద మొదటి రోజే విరిగిపోతాయి.

కాలిఫోర్నియా యువకులు ఎంచుకున్న దారి వేరు. అక్కడి ఎండిన సరస్సుల మీద తిన్నని పరుగు తప్ప మలుపులు లేవు, కాబట్టి వాళ్లకు కావలసింది అదుముడు కాదు, లాగుడు తగ్గడం. 1946లో బిల్ బర్క్ యుద్ధవిమానాల అదనపు ఇంధన ట్యాంకును కొని, అందులో ఇంజను, సీటు పెట్టి, నీటిబొట్టు ఆకారంలో కారు తయారుచేశాడు. పైకప్పు స్తంభాలను కోసి కారును పొట్టి చేసే పద్ధతిలో కూడా ఎదురు వైశాల్యం తగ్గే లాభం ఉన్నది.

మన సంగతికి వస్తే, 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఇ కార్లు పరుగెత్తాయి. ఎలక్ట్రిక్ కారుకు బ్యాటరీలోని ప్రతి యూనిట్ లెక్కే కాబట్టి గాలి లాగుడు అక్కడ ఇంకా ముఖ్యం. రోడ్డు కార్ల విషయంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ను గుర్తుంచుకోండి. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం అది ఒప్పుకోదు. కోయంబత్తూరులో జరిగే ఫార్ములా భారత్ వంటి విద్యార్థి పోటీలు మాత్రం మీకు తెరిచి ఉన్న ద్వారం. అక్కడ మలుపుల్లో వేగం తక్కువే, కానీ కారు రెండు మూడు వందల కిలోలకు మించదు కాబట్టి, పెద్ద రెక్క ఇచ్చే ముప్పై నలభై కిలోల అదుముడు కూడా తేడా చూపిస్తుంది. రోజూ తిరిగే కారుకైతే నేను చెప్పేది చిన్న పనులే: అవసరం లేనప్పుడు పైన క్యారియర్ తీసివేయండి, ఇంజను కింద ఊడిపోయిన ప్లాస్టిక్ పలకను మళ్లీ బిగించండి, టైర్లలో గాలి చూసుకోండి.

ఆ అబ్బాయి రెక్కను విప్పి, డిక్కీ రేకుకు పడిన ఆరు రంధ్రాలను పూడ్పించి, రంగు వేయించాడు. ఆ రెక్కనూ, ఆ ఇనుప కడ్డీనీ ఈ రోజు తీసుకొచ్చాను, బయట బల్ల మీద ఉన్నాయి. వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి మీలో కారు ఉన్న వాళ్లు ఇద్దరు, ఫోను పట్టుకునే వాళ్లు ఇద్దరు హసన్‌పర్తికి రండి. నూలు పోగులు నేను కత్తిరించి తెస్తాను, టేపు మీరు తెచ్చుకోండి.