ఏడో దేశం ఎక్కడ దొరుకుతుంది?

అందరికీ నమస్కారమండీ. యూరోపియన్ పార్లమెంటు అనగానే జర్మనీ వాళ్లంతా ఒక పక్క, ఫ్రాన్స్ వాళ్లంతా ఇంకో పక్క కూర్చుంటారని చాలామంది అనుకుంటారు. అలా ఉండదు. అది ఇంకా బొగ్గు, ఉక్కు వ్యవహారాల కోసం పెట్టిన చిన్న సభగా ఉన్న 1953లోనే సభ్యులు దేశాల వారీగా కాకుండా రాజకీయ గ్రూపులుగా సర్దుకున్నారు. ఇప్పుడు యూరోపియన్ యూనియన్‌లోని 27 దేశాల నుంచి 720 మంది ఉన్నారు, గ్రూపు కట్టాలంటే కనీసం 23 మంది కావాలి, వాళ్లు కనీసం ఏడు దేశాల నుంచి రావాలి.

అసలు చిక్కంతా ఆ ఏడు దగ్గరే. పెద్ద దేశంలో బాగా గెలిచిన పార్టీకి ఇరవై ముగ్గురు ఒక లెక్క కాదు. 1994లో అయితే ఇటలీ నాయకుడు బెర్లుస్కోనీ పార్టీ వాళ్లు ఒక్క ఇటలీ సభ్యులతోనే గ్రూపు పెట్టేశారు, ఆ దారి తర్వాత మూసేశారు.

గ్రూపు లేకపోతే సీటు పోదు, ఓటూ పోదు. కానీ మాట్లాడే టైము, సిబ్బంది, డబ్బు, కమిటీ అధ్యక్ష పదవులు చాలావరకు గ్రూపులకే వెళ్తాయి. అజెండా తేల్చే గ్రూపు నాయకుల సమావేశంలో ఏ గ్రూపూ లేనివాళ్ల తరఫున ఒకరు కూర్చోవచ్చు, ఓటు మాత్రం ఉండదు.

2014 అక్టోబరులో ఏం జరిగిందో చూడండి. బ్రిటన్ నాయకుడు నైజెల్ ఫరాజ్ గ్రూపులో 48 మంది, అందులో లాత్వియా నుంచి ఇవెటా గ్రిగులె ఒక్కావిడే. ఆవిడ బయటికి వెళ్లిపోగానే మిగిలిన 47 మంది చేతిలో ఆరు దేశాలే ఉన్నాయి, గ్రూపు రద్దయిపోయింది. రోజుల వ్యవధిలో పోలండ్ నుంచి ఒకాయన్ని పట్టుకొచ్చి మళ్లీ నిలబెట్టారు. మన దగ్గరలా అక్కడ ఫిరాయింపుల చట్టం లేదు, అలిగినవాళ్లు నిక్షేపంగా వెళ్లిపోవచ్చు.

ఇంకో షరతు ఉంది, రాజకీయ భావాలు కలవాలి. కలిశాయో లేదో ఎవరు చూస్తారు? మామూలుగా ఎవరూ చూడరు, కలిసి గ్రూపు పెట్టారంటే కలిసినట్టే. 1999లో మాత్రం ఇటలీలో ఉదారవాదులైన రాడికల్స్, ఫ్రాన్స్‌లో అతివాద జాతీయవాదులైన నేషనల్ ఫ్రంట్ కలిసి గ్రూపు పెడుతూ, మాలో ఎవరి రాజకీయం వాళ్లదే అని తామే రాసిచ్చారు! పార్లమెంటు కుదరదంది, వాళ్లు కోర్టుకెళ్లారు, 2001లో కోర్టూ కుదరదంది. నన్నడిగితే వాళ్ల తప్పల్లా నిజం చెప్పడమే. ఇప్పుడైతే మా భావాలు ఒకటేనని సభ్యులంతా రాసివ్వాలి.

రాసిచ్చినంత మాత్రాన కలుస్తాయా అంటే, 2007లో అతివాద జాతీయవాదులు ఒక గ్రూపు పెట్టుకున్నారు. అందులోని ఇటలీ సభ్యురాలు అలెస్సాండ్రా ముస్సోలినీ రొమేనియా వాళ్లను తూలనాడారు, అదే గ్రూపులో ఉన్న రొమేనియా జాతీయవాదులు లేచి వెళ్లిపోయారు, ఏడాది తిరగకుండానే దుకాణం మూతపడింది.

2024లో జర్మనీ అతివాద జాతీయవాద పార్టీ ఏఎఫ్‌డీ పెట్టిన గ్రూపు చూడండి. పెట్టినప్పుడు మొత్తం 25 మంది, ఎనిమిది దేశాలు. ఏఎఫ్‌డీవి 14 సీట్లు, బల్గేరియా, పోలండ్‌ల నుంచి ముగ్గురేసి, మిగతా ఐదు దేశాల నుంచి ఒక్కొక్కరే. ఆ ఒంటరి సభ్యుల్లో ఇద్దరు అప్పుడే తప్పుకుని ఉంటే సరిగ్గా 23 మంది మిగిలేవారు, దేశాలు మాత్రం ఆరే. ఏడాది దాటిన గ్రూపుకి, యూనియన్ దేశాల్లో ఐదో వంతైనా దాంట్లో మిగిలి ఉంటే, తర్వాతి ఎన్నికల దాకా సాగేందుకు అనుమతి ఇవ్వొచ్చన్న వెసులుబాటు ఉంది. కాకపోతే ఆ అనుమతి సభాధ్యక్షుడు ఇవ్వాలి, దానికి మిగతా గ్రూపుల నాయకుల సమావేశం ఒప్పుకోవాలి, అంటే రోజూ సభలో ఎవర్ని తిడుతున్నారో వాళ్లనే వెళ్లి అడగాలి.